యాభై దగ్గర గుట్ట

చేయవలసినవి ఇన్ని ఉన్నాయి: యాభై దగ్గర పేరుకున్న గుట్టను నునుపు చేయాలి, కరోనా రెండేళ్ళను లెక్కలోంచి తీసి పక్కన పెట్టాలి, ఆడవాళ్ళ పట్టికనూ మగవాళ్ళ పట్టికనూ విడివిడిగా ముప్పై ఏళ్ళు ముందుకు నడపాలి, ఎనభై ఐదు దాటినవాళ్ళందరినీ చివరి గడిలో కూర్చోబెట్టి గీత గీసేయాలి, నాలుగు గంటలలోగా హైమవతి మేడం సంతకం తీసుకుని పై ఆఫీసుకు పంపాలి, అక్క మంచాన్ని మళ్ళీ ఇంట్లోకి జరపాలి. జాబితా నా అరచేతిలో, నా దస్తూరీతోనే రాసి ఉంది. చివరి పని ఎప్పుడు రాశానో గుర్తు రావడం లేదు, కానీ మిగతావాటి కింద అది ఎంత మామూలుగా ఉందంటే, నేను దానికి కూడా పక్కన టిక్కు పెట్టడానికి పెన్ను వెతుక్కుంటున్నాను.

మా గణాంకాల ఆఫీసు హాలు తెల్లగా ఉంది. కిటికీలోంచి పడే ఎండ అనుకుంటాను, దగ్గరికి వెళ్ళి చూస్తే అది దుమ్ము, కంకర మిల్లు కింద ఒక్క నిమిషం నిలబడితే కనురెప్పల మీద వాలే మెత్తటి దుమ్ము, కుర్చీల మీదా ఫైళ్ళ మీదా కంప్యూటర్ల మీదా సమంగా పరుచుకుని ఉంది, దాన్ని తుడవాలని ఎవరికీ తోచడం లేదు. నా బల్ల వెనక గోడ ఉండాలి. గోడ ఉండవలసిన చోట మా మెట్టకాలనీ వీధి మొదలవుతోంది, రేకుల ఇళ్ళు, నీళ్ళ డ్రమ్ములు, చివర మిల్లు, దాని బెల్టు మీద రాళ్ళు పైకి పోతూనే ఉన్నాయి గానీ చప్పుడు మాత్రం లేదు.

అక్క రెండు బల్లల మధ్య నేల మీద కాళ్ళు చాపుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చుని ఉంది. మా అక్క తిరుపతమ్మ పోయి పన్నెండేళ్ళయింది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు, మాట్లాడుకోవడానికి అదేమీ అడ్డు కాదన్నట్టు ఆమె నా బూట్ల వైపు చూసి నవ్వుతుంది.

"ఏరా చిన్నోడా, ఇంత చల్లటి గదిలో కూర్చుని ఏం చేస్తన్నావు?"

నేను లేచి నిలబడతాను. ఉద్యోగం ఇంటర్వ్యూలో చెప్పినట్టే చేతులు కట్టుకుని చెబుతాను, నిలువుగా వయసులు ఉంటాయనీ, అడ్డంగా సంవత్సరాలు ఉంటాయనీ, ఒక్కో గడిలో ఆ ఏడు ఆ వయసు వాళ్ళలో వెయ్యికి ఎంతమంది పోయారో రాస్తామనీ, ఆ అంకెలు ఏటేటా ఎటు వాలుతున్నాయో కనిపెట్టి అదే వాలును ముందుకు గీస్తే ఇంకా రాని సంవత్సరాల గడులు కూడా వాటంతటవే నిండుతాయనీ. అక్క ఓపికగా వింటుంది. చిన్నప్పుడు నేను ఎక్కాలు అప్పజెబుతుంటే ఇలాగే వినేది, ఆమెకు అంకెలు రావు, అయినా నేను తప్పిన చోట గొంతు కాస్త తగ్గుతుందని కనిపెట్టి అక్కడే ఆపేది.

"అంటే ఇంకా చావనోళ్ళను కూడా రాస్తావన్నమాట."

"పేర్లు రాయం అక్కా. ఎంతమందో రాస్తాం, అంతే."

"అదే మంచిదిలే. పేర్లు రాస్తే చెయ్యి వణుకుద్ది."

ఆమె వెక్కిరిస్తోందో మెచ్చుకుంటోందో తెలియక నేను అరచేతిలోని మొదటి పని వైపు చూస్తాను. ఆమె కూడా చూస్తుంది. గుట్ట ఏందని అడుగుతుంది, గుట్టలంటే తనకు తెలుసనీ, పదిహేనేళ్ళు గుట్టల్ని పగలగొట్టిన రాళ్ళే మోశాననీ అంటుంది. క్వారీ కాలనీల పట్టికలో నలభై ఏడులో ఇద్దరు, నలభై ఎనిమిదిలో ముగ్గురు, యాభైలో మాత్రం వందల మంది చనిపోయినట్టు ఉందనీ, అలా ఒకే వయసు దగ్గర పేరుకుపోతే అది నిజం కాదనీ, మన జనానికి వయసు తెలియదు, అడిగితే గుండ్రంగా నలభై అనో యాభై అనో చెప్పేస్తారు, అందుకని ఆ గుట్టను అటూ ఇటూ సర్ది నునుపు చేయమని మేడం చెప్పిందనీ వివరిస్తాను. నేను సరే మేడం అన్నానని కూడా చెబుతాను.

చెబుతుండగానే నా గొంతు తగ్గుతుంది. అక్క తల ఎత్తుతుంది.

"నన్ను యాడ రాశావు?"

నేను జవాబు చెప్పకముందే హాలు గచ్చు మీద సుద్ద గీతలు తేలతాయి, పలకరాళ్ళన్నీ గడులవుతాయి, ఆడపిల్లలు వీధిలో గీసుకునే తొక్కుడుబిళ్ళ ఆటలా, కాకపోతే ఇది హాలు దాటి, మెట్లు దాటి, ఎండలోకి పోయి, సున్నా నుంచి ఎనభై ఐదు దాకా సాగుతుంది. అక్క కుచ్చెళ్ళు ఎగదోపి, ఒక కంకర రాయి తీసి వేళ్ళ మధ్య పట్టుకుని విసురుతుంది. రాయి ముప్పై రెండో గడిలో పడుతుంది. ఆమె అక్కడికి గెంతబోతుంది, కానీ కాలు కింద పెట్టేసరికి అది యాభైయ్యో గడి అయిపోతుంది. వెనక్కి వచ్చి మళ్ళీ విసురుతుంది. రాయి ముప్పై రెండులోనే పడుతుంది, కాలు యాభైలో పడుతుంది. మూడుసార్లు అలా అయ్యాక ఆయాసం వచ్చి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడుతుంది, ఆ గడిలో ఉన్నది ఆమె ఒక్కతే కాదు, మా కాలనీ వాళ్ళు నలభై మంది కాళ్ళు పెట్టుకోవడానికి చోటు లేక ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని నిలబడి ఉన్నారు.

బత్తుల సాంబయ్య ఆమెకు చోటు ఇవ్వడానికి పక్కకు ఒరుగుతాడు. మా పక్క వీధి మనిషి, డ్రిల్లింగు పనికి పోయేవాడు, పోయేనాటికి ఆయన చంటిపిల్లకు ఇంకా అన్నప్రాశన కాలేదు. "రా తిరుపతమ్మా, నీక్కూడా యాభై నిండినయ్యా, మొన్నీమధ్యేగా నీ పెళ్ళిలో నేను లడ్డూలు పంచింది" అంటాడు. గడిలో వాళ్ళందరూ నవ్వుతారు. నవ్వు వెంటనే దగ్గు అవుతుంది, దగ్గు ఒకరి నుంచి ఒకరికి పోయి మళ్ళీ మొదటివాడి దగ్గరికి వస్తుంది. నాకూ నవ్వు వస్తుంది, నేను నవ్వేసరికి వాళ్ళు ఆపేసి నా వైపు చూస్తారు.

అప్పుడు నేను చెప్పవలసి వస్తుంది. చెప్పడం ఎవరికో తెలియదు, అక్కకు ఇదంతా తెలుసు. నేను డిగ్రీ చివరి ఏడు చదువుతుండగా చావుల సర్వేకి కాలనీకొక మనిషి కావాలన్నారు, మా కాలనీలో రాయడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, వారం రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి ఫారాలు నింపి ఇవ్వాలి. చనిపోయిన మనిషికి యాభై, ఆ పైన ఉంటే ఫారం ఒక పేజీ. యాభై లోపైతే పన్నెండు పేజీలు, ఎప్పటి నుంచి దగ్గు, ఏ పనికి పోయేవాడు, ఎన్నేళ్ళు పోయాడు, నెత్తురు పడిందా, ఎక్కడ చూపించారు, ఆఖరి రోజు ఎవరున్నారు, అన్నీ ఇంట్లో వాళ్ళను కూర్చోబెట్టి అడిగి రాయాలి. వయసు తెలియకపోతే చూడటానికి ఎలా ఉండేవారో అడిగి అంచనా వేయమన్నారు. నేను అడిగాను. ముసలోడి మాదిరే అయిపోయాడయ్యా అన్నారు మొదటి రెండిళ్ళలోనూ. మిల్లులో పదేళ్ళు చేసినవాళ్ళు ఎవరైనా అలాగే అయిపోతారు, చెంపలు లోపలికి పోతాయి, జుట్టులో దుమ్ము కడిగినా పోదు. నేను యాభై అని రాశాను. మొదటి ఇంట్లో నమ్మే రాశాను. మూడో ఇంటికి వచ్చేసరికి అడగకుండానే రాశాను. నలభై ఒక్క ఫారాలు, నలభై ఒక్క పేజీలు. మిగతా కాలనీల్లో నాలాంటి డిగ్రీ పిల్లలు ఎన్నేసి నింపారో, వందల గుట్ట అయింది.

జనం గుండ్రంగా చెప్పలేదు. జనాన్ని ఎవరూ అడగలేదు.

"వాళ్ళ సంగతి సరేరా, వాళ్ళ వయసులు నీకు తెలవదు" అంటుంది అక్క. "నాది తెలుసుగా. నాకు పదకొండేళ్ళప్పుడు నువ్వు పుట్టావు. నిన్ను సంకనేసుకునే నేను మిల్లు కాడికి అమ్మకు అన్నం తీసకపోయింది."

"తెలుసక్కా."

"మరి?"

"మర్నాడు పరీక్ష ఉంది."

ఇది చెప్పగానే హాలు కాస్త చిన్నదవుతుంది. అక్క పోయింది సర్వే ఆఖరి రోజుల్లో, పెద్దదినం కూడా అవలేదు, నలభై ఒకటో ఫారం మా ఇంటిది. పన్నెండు పేజీలకు అమ్మను కూర్చోబెట్టి అడగాలి. నేను గుమ్మంలో నిలబడే ఒక పేజీ నింపి, పల్లపు తిరుపతమ్మ, స్త్రీ, యాభై, దగ్గు అని రాసి, కింద సంతకం పెట్టి, లోపలికి పోయి చదువుకున్నాను. ఆ పరీక్షలో నాకు డెబ్బై ఎనిమిది వచ్చాయి.

"ఇప్పుడు రాద్దాం రా" అంటుంది అక్క చాలా ప్రేమగా. "తొందరేం లేదుగా. పన్నెండు పేజీలూ రాద్దాం."

కాగితాలు నా ఒళ్ళో ఉన్నాయి. మేము హాలులో లేము, మా ఇంటి వెనక వసారాలో ఉన్నాము, ఆమె నులకమంచం మీద పడుకుని ఉంది, మంచం కింద దుమ్ములో నా బూట్ల గుర్తులు ఉన్నాయి. నేను అధికారి గొంతుతో చదువుతాను. ఎప్పటి నుంచి దగ్గు. మూడేళ్ళు అంటుంది. ఏ పని. కంకర మిల్లులో జల్లెడ కాడ అంటుంది, ముఖానికి ఏం కట్టుకునేదానివి అంటే పైట అంటుంది. ఎక్కడ చూపించారు. ఆర్‌ఎంపీ దగ్గర, టీబీ అని తొమ్మిది నెలలు బిళ్ళలు మింగించారు, టీబీ కాదని తర్వాత అన్నారు, మరి ఏందో చెప్పలేదు అంటుంది. నేను తలొంచుకుని రాస్తూ పోతాను, రాయడం నాకు బాగా వచ్చిన పని, పదో పేజీకి వచ్చేసరికి నాకు కొంచెం గర్వంగా కూడా ఉంటుంది, ఎంత శుభ్రంగా నింపానో మేడంకి చూపించాలనిపిస్తుంది.

"పన్నెండో పేజీ" అంటాను. "రోగి ఆఖరి నెల ఎక్కడ పడుకునేవారు?"

అక్క మంచం కింది బూట్ల గుర్తుల వైపు చూస్తుంది. నేను ప్రశ్న మళ్ళీ చదువుతాను.

"వసారాలో అని రాయి. ఇంట్లోనే ఉండేదాన్ని, నా దగ్గుకు నీకు చదువు ఎక్కడం లేదని అమ్మతో అన్నావు. అమ్మా నువ్వూ చెరో పక్క పట్టుకుని మంచం బయటికి జరిపారు. నేను దాని మీద ఉండగానే జరిపారు, దించను కూడా దించలేదు."

జవాబు ఇలా ఉండకూడదని నాకు తెలుసు. ఫారంలో ఆ ప్రశ్నకు ఇల్లు, ఆసుపత్రి, ఇతరము అని మూడు గడులే ఉన్నాయి, వసారా ఇల్లే కదా అని నేను మొదటి దానిలో టిక్కు పెడతాను. ఆమె నా వేలు పట్టుకుని చూస్తుంది గానీ ఆపదు.

"ఆఖరు సమయంలో పక్కన ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"అమ్మ ఉంది కదక్కా."

"అమ్మ నీకు టీ పెడతా ఉంది."

ఆమె ఏడవడం లేదు. నేను ఏడిస్తే బాగుంటుందని ఇద్దరం ఎదురుచూస్తాము, ఏడుపు రాదు. ఉన్నట్టుండి నా వయసు ఎంతని అడుగుతుంది. ముప్పై మూడు అంటాను. వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుని, అయితే నువ్వే నాకన్నా పెద్దోడివి, ఇక నన్ను అక్కా అనబాకు అంటుంది. సరే అంటాను. ఆ తర్వాత ఆమెను ఏమని పిలవాలో నాకు తెలియదు.

ఆమె మంచం మీద లేచి కూర్చుని, కోటేశ్వరికి ఎన్ని పెట్టావు అని అడుగుతుంది. కోటేశ్వరి ఆమె కూతురు, నా మేనకోడలు. తల్లి పోయేనాటికి పదేళ్ళది, ఇప్పుడు ఇరవై రెండు. పోయిన ఏడు నుంచి అదే మిల్లుకు, అదే జల్లెడ దగ్గరికి పోతోంది. నేను వద్దని ఫోనులో రెండుసార్లు చెప్పాను. ఇరవై రెండేళ్ళ ఆడమనిషికి మా పట్టిక ప్రకారం సగటున ఇంకా యాభై మూడేళ్ళు ఉన్నాయని చెబుతాను. మంచి అంకె అది, రాష్ట్రం సగటుకు దగ్గరగా ఉంది, చెబుతున్నప్పుడు నా గొంతు తగ్గదు.

"యాభై మూడు" అంటుంది ఆమె. "అంటే బండి రాదన్నమాట."

ఆమెకు బండి సంగతి కూడా తెలుసు. ఆ పట్టిక అందుకే. నలభై లోపు చావులు మామూలు కన్నా ఎక్కువ ఉన్న కాలనీలకే ఇకమీదట ఏటా ఛాతీ ఎక్స్‌రే బండి పంపాలని పై ఆఫీసు వాళ్ళు నిర్ణయించారు. యాభైలో పోయినట్టు రాసినవాళ్ళను ఎంత నునుపు చేసినా నలభై ఆరు దాకా పోతారు గానీ ముప్పైలలోకి రారు. మెట్టకాలనీలో ముప్పై నుంచి నలభై దాకా ఉన్న గడులు మా జిల్లా మొత్తంలోనే అందరికన్నా శుభ్రంగా ఉన్నాయి.

పట్టిక కింద చిన్న అక్షరాల్లో వయసుల నమోదులో లోపాలు ఉండవచ్చు అని ఒక మాట రాస్తానని అంటాను. అది చదివి బండి డ్రైవరు దారి మార్చుకుని వస్తాడా అని అడుగుతుంది. ఒక్కరి వయసు మారిస్తే మిగతా నలభై మందివీ అడుగుతారనీ, ఆధారం లేనిదే మార్చకూడదనీ, ఫారం మీద ఉన్న సంతకమే ఆధారమనీ అంటాను. ఆ సంతకం ఎవరిదిరా అంటుంది. నాదే అంటాను. అయితే ఆ మాట మీ మేడంతో చెప్పు, నేను గుమ్మంలో నిలబడి రాసేశాను మేడం అని చెప్పు, అంతకన్నా ఏమీ అడగను అంటుంది. ఉద్యోగం పోతుందని నేను అంటే, పోతే మిల్లు ఉందిగా అంటుంది.

వసారా గచ్చు మీద మళ్ళీ సుద్ద గీతలు. ఇరవై రెండో గడిలో కోటేశ్వరి నిలబడి ఉంది, చున్నీ ముక్కుకు కట్టుకుని, చేతిలో రాయి తిప్పుకుంటూ. మమ్మల్ని చూడదు. ఒంటికాలి మీద ఇరవై మూడులోకి గెంతుతుంది, ఇరవై నాలుగులోకి, ప్రతి గడిలోనూ కాలు పెట్టేముందు వంగి అక్కడ ఏం రాసి ఉందో చదువుకుంటుంది, పది దాకా చదివింది, అంకెలు వచ్చు. ముప్పై. ముప్పై ఒకటి. ముప్పై రెండో గడిలో సున్నా అని ఉంది, నా దస్తూరీ. ఇక్కడ ఎవరూ పోలేదని రాసి ఉంది కాబట్టి నేల గట్టిదే అనుకుంటుంది. గడి మీద దుమ్ము పలచగా పరిచి ఉంది, దాని కింద ఏమీ లేదు. నేను పిలవబోతాను, నోట్లో పెన్ను మూత ఉంది. అక్క నా పక్కనే కూర్చుని, కూతుర్ని పిలవకుండా, నా గొంతు ఎక్కడ తగ్గుతుందో వినడానికి చెవి నా వైపు పెట్టి ఉంది, ఆ పిల్ల కాలు ఎత్తింది, దించుతోంది.

లేచేసరికి మధ్యాహ్నం రెండున్నర. భోజనం అయ్యాక బల్ల మీదే తల వాల్చినట్టున్నాను. అటెండర్ ఖాజావలి అట్ట మీద కాగితం పెట్టుకుని ఎదురుగా నిలబడి ఉన్నాడు. రేపు ఆఫీసులో వైద్య శిబిరమట, పేర్లూ వయసులూ రాసుకుంటున్నాడు.

"నలభై అని వేశా సార్" అన్నాడు. "నిద్ర పాడు చేయడం ఎందుకని."

నాకు ముప్పై మూడని చెప్పాను. అతను నా ముఖం చూశాడు, కాగితం చూశాడు.

"నలభై దాటితేనే పరీక్షలన్నీ చేస్తారంట సార్. లోపైతే బీపీ చూసి పంపించేస్తారు. ఉండనీయండి."

ఉండనిచ్చాను. నాలుగింటికి మేడం సంతకం చేసింది, పట్టికలు వెళ్ళిపోయాయి. యాభై దగ్గర ఇప్పుడు గుట్ట లేదు, గీత చాలా నునుపుగా వచ్చిందని మేడం అంది. ఫారాలు నింపింది నేనని ఆమెకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను. నలభై మంది వయసులు నాకు తెలియవు, ఇక ఎవరికీ తెలియవు. ఒక్కటి తెలుసు. పల్లపు తిరుపతమ్మ, కంకర మిల్లు కూలీ, ముప్పై రెండేళ్ళు. ఎవరైనా అడిగితే ముప్పై అనకండి, ముప్పై ఐదు అనకండి. ముప్పై రెండు అని గుర్తు పెట్టుకోండి.